దాతల కన్ను

ఒంగోలు శివారు కాలనీలో మంచం పట్టిన మస్తానమ్మ వీపు పుండ్లకు కట్టు కట్టడానికి సలోమి రోజూ వస్తుంది. సలోమి ఒక స్వచ్ఛంద సంస్థ కార్యకర్త. ఇప్పుడు ఏ సంస్థ కార్యకర్తయినా భుజానికి 'కన్ను' అనే కెమెరా తగిలించుకోవాల్సిందే. చేసే ప్రతి పనినీ దాతలు తమ ఇళ్లలో కూర్చుని చూస్తుంటారు.

ఆ కన్ను ఊరికే రాలేదు. అంతకుముందు వేరే సంస్థ ఒకటి, ఈ గడప తొక్కకుండానే, మస్తానమ్మకు వైద్యం చేస్తున్నామని విరాళాలు దండుకుంది. పుండ్లు ముదిరింది అప్పుడే.

ఆ రోజు సలోమి ఆమె రవిక విప్పబోతుంటే మస్తానమ్మ చెయ్యి అడ్డం పెట్టింది.

"ఇయ్యాల వద్దు తల్లీ. నా వీపు ఎంతమంది చూడాల?"

కాదని వాదించే ఓపిక సలోమికి లేదు. కన్ను మీద రుమాలు కప్పి, పుండ్లు కడిగి, మందు రాసి కట్టు కట్టింది. చాలా రోజులకు మస్తానమ్మ ఒళ్లు బిగపట్టకుండా పడుకుంది.

రుమాలు తీయగానే కన్ను పలికింది. "సేవ కనిపించలేదు. విచారణ ముగిసేదాకా ఈ ఇంటికి రాకపోకలు నిలిపివేస్తున్నాం."

"కట్టు కట్టింది! నేను చెబుతున్నా గదా!" అని మస్తానమ్మ అరిచింది.

"మన మాట చెల్లదవ్వా," అంది సలోమి. "మళ్లీ మొదటినుంచి దానికి చూపిస్తేనే ఒప్పుకుంటుంది. నొప్పి పుడతది. నీ ఇష్టం."

మస్తానమ్మ తనే మెల్లగా గోడవైపు ఒత్తిగిల్లింది.

"విప్పు తల్లీ. రేపు నువ్వు రావాల గదా."

అప్పుడే అంటుకుంటున్న కట్టును సలోమి కన్నుకు కనబడేలా ఊడదీయసాగింది.