చక్కదిద్దిన మొహాలు

అయినా ఇందులో తప్పేముంది, అందరూ చేసేదే కదా, అనుకుంటూ ఆమె మళ్లీ చేతులు కడుక్కుంది.

గోళ్ల సందుల్లోంచి రంగు పోలేదు. వాసనా పోలేదు. కుంచెలు ముంచిన మగ్గులో నీళ్లు మురిగి విరిగిన పాల కంపు కొడుతున్నాయి. ఆ కంపు గదిదో తనదో ఆమెకు తేలలేదు.

గోడ నిండా రెండో తరగతి పిల్లలు వేసిన మొహాలు.

డ్రాయింగ్ టీచర్ సర్టిఫికెట్ చేతికి రావాలంటే ట్రైనింగ్ చివర ఇలా ఒక గోడ నింపి చూపించాలి. బొమ్మలు పిల్లలే వేయాలి. అది నియమం. సూపర్‌వైజర్ వచ్చేలోగా తలుపేసుకుని వాటిని దిద్దాలి. ఇది ఆనవాయితీ.

పోయినేడు ఆమె దిద్దలేదు. "గోడ చూస్తే కడుపులో తిప్పుతోందమ్మా" అని సూపర్‌వైజర్ ఫెయిల్ చేశాడు. ఈసారి తప్పితే ఇక ఇంతే. "బొమ్మలు గీస్తే బువ్వొస్తుందా?" అని అమ్మ అడగడం కూడా మానేసింది. జవాబు తెలిసినదానిలా చూస్తోంది.

అందుకే దిద్దింది. మెల్లకన్ను సరిచేసింది. చేటంత చెవిని కత్తిరించింది. మొదట్లో ఒక్కో గీతకీ ఆగి ఆలోచించింది. తర్వాత రుచి మరిగింది. అసలు రోత అదే.

తలుపు దగ్గర ఎవరో దగ్గారు.

"లోపలికి రావచ్చామ్మా?"

ఆమె తిరిగి చూసింది. వెంటనే చూపు అతని చొక్కా గుండీ మీదికి దించేసింది.

ఎడమ చెంప చెంపలా లేదు. ఎప్పుడో కాలి, కరిగి గడ్డకట్టిన కొవ్వొత్తిలా మడతలు పడింది. కన్ను ఉండాల్సిన చోటునీ చర్మమే కప్పేసింది.

"ఏం కావాలండీ?" గుండీని అడిగింది.

"మా అమ్మాయి బొమ్మ గోడకెక్కిందట. చూసి తీరాలని ఒకటే పోరు. పనిలోంచి గంట అడిగి వచ్చాను."

"ఏ బొమ్మ?"

"అది చెప్పదు, గడుగ్గాయి. చూస్తే నీకే తెలుస్తుందిలే నాన్నా, అంది."

అతను గోడ పొడవునా నడిచాడు. ప్రతి కాగితం ముందూ ఆగాడు. చివరి వరస దగ్గర ఎక్కువసేపు ఆగాడు. ఒక కాగితాన్ని వేలి కొసతో తాకాడు.

ఆ వేలు తన ఒంటికే తగిలినట్టు ఆమె ముడుచుకుపోయింది. "చెయ్యి పెట్టకండి! మాసిపోతాయి."

"తప్పయిపోయిందమ్మా." చేతులు వెనక్కి కట్టుకున్నాడు. "అందరూ ఒక్క తల్లి బిడ్డల్లా ఉన్నారు. అందరికీ ఒకటే కళ్లు."

ఆమె చెవులు వేడెక్కాయి. "మీకు తెలిసిందా లేదా, మీ అమ్మాయి బొమ్మ?"

"లేదమ్మా." మళ్లీ గోడకేసి చూశాడు. "అందరూ చక్కగా ఉన్నారు. మా పిల్ల పేరు చెబితే మీరేమైనా..."

"ఇప్పుడు కాదండీ. సూపర్‌వైజర్ గారు వచ్చే వేళ. బయల్దేరండి."

"అలాగేనమ్మా. దానికి మాత్రం కనుక్కున్నాననే చెబుతాను. మీరూ అలాగే అనండి, చిన్నబుచ్చుకుంటుంది."

వెళ్లిపోయాడు. ఆమె తలుపు దగ్గరికి నెట్టి, ఊపిరి వదిలింది. ఒక మనిషి మొహం చూసి కడుపులో తిప్పడం. పోయినేడు సూపర్‌వైజర్ అన్నదీ ఆ మాటే కదా. ఆ పోలిక ఆమెకు నచ్చలేదు.

పక్క గదిలో గోడ నింపుతున్న స్నేహితురాలు తోసుకుంటూ వచ్చింది.

"ఒసేయ్, మహానుభావుడు మెట్ల దగ్గరున్నాడు. ముందు మా గది, తర్వాత నీది." గోడ మొత్తం కలయజూసింది. "అబ్బ! ఈసారి నీకు తిరుగులేదే. 'మా ఇంట్లో నాకిష్టమైన మనిషి' అని ఇచ్చావు కదూ? అందరూ పెళ్లిచూపులకి కూర్చున్నట్టున్నారు."

ఆమె కుంచెలు ఏరి మగ్గులో వేసింది.

"ముఖ్యంగా ఇది చూడు." స్నేహితురాలు చివరి వరసలో వేలు పెట్టింది. "నిన్న ఇది చూసి ఛీ అన్నాం, గుర్తుందా? ఆ పిల్ల వంకాయరంగు క్రేయాన్ తీసుకుని సగం మొహం పరపరా రుద్ది పారేసింది. కన్ను కూడా పెట్టలేదు. నువ్వు చెంప దిద్ది కన్ను పెట్టాకే కదే అది మనిషి మొహమైంది."

గుర్తుంది. క్రేయాన్ మైనం మీద రంగు ఒక పట్టాన అంటుకోలేదు. సబ్బు నీళ్లు కలిపి, పూత మీద పూత వేసి కప్పింది. బద్ధకంతో పాడుచేసిన కాగితం అనుకుంది. పిల్లలు చూసింది గీయరు, తెలిసింది గీస్తారు అని సైకాలజీ పేపర్లో రాసి మార్కులు తెచ్చుకున్న మనిషి తను.

ఆమె కిటికీ దగ్గరికి పరుగెత్తింది. గేటు బయట జనం ఎవరి దారిన వాళ్లు పోతున్నారు. ఇక్కణ్నుంచి అన్నీ వీపులే.

పక్క గదిలో సూపర్‌వైజర్ గొంతు. "శభాష్, నీట్‌గా ఉంది."

"దేవుడా, మా గదిలో దూరాడు!" స్నేహితురాలు గుమ్మం దాకా వెళ్లి వెనక్కి చూసింది. "ఆ తడిగుడ్డ ఎందుకే? ఏం చేస్తున్నావ్? పిచ్చా నీకు? వచ్చేస్తున్నాడే!"

ఆమె ఆ బొమ్మ ఎడమ చెంపకి గుడ్డ ఆనించి, పసిపిల్ల మూతి తుడిచినంత మెల్లగా తుడిచింది.

మైనం మీద నిలవలేని రంగు జారిపోయింది. మడత మీద మడతగా, ఎంతో ఓపిగ్గా గీసిన వంకాయరంగు గీతల్లోంచి, ఇందాక తను బయటికి పంపేసిన మనిషి ఒంటికన్నుతో నవ్వాడు.