చర్చి తొట్టికి ఓడ రంగు

బాప్తీస్మం కానిదే పెళ్ళి చెయ్యనని పాస్టరుగారు తేల్చేశారు. ఉదయగిరి చర్చిలో బాప్తీస్మానికి మనిషిని ముంచే తొట్టేమో పగుళ్ళిచ్చి, పోసిన నీళ్ళు పోసినట్టే కారిపోతున్నాయి.

విశాఖపట్నంలో ఓడల అడుగులకు రంగులేసే పెళ్ళికొడుకు దయాసాగర్ ఎపాక్సీ రంగు డబ్బాలతో బస్సు దిగి, తొట్టంతా ఎర్రగా పూశాడు.

“నీళ్ళు నిలుస్తాయా బావా?” అంది పెళ్ళికూతురు సుకుమారి.

“సముద్రాన్నే ఓడలోకి రానియ్యదు ఈ రంగు. తొట్లో నీళ్ళను పోనిస్తాదా?”

ఆదివారానికి తొట్టి నిండుగా ఉంది. దయాసాగర్ చర్చి చుట్టూ గంతులేశాడు.

పాస్టరుగారు నీళ్ళలోకి దిగి దయాసాగర్ వైపు చెయ్యి చాపగానే అతని గంతులు ఆగిపోయాయి.

“నాకు బాప్తీస్మం ఎప్పుడో అయింది బావా. నువ్వే దిగాల” అంది సుకుమారి.

“నీళ్ళంటే నాకు చచ్చేంత భయమని నీకు తెలుసు గదా.”

“తెలుసు. అయినా తొట్టి బాగుచేసినావే.”

దయాసాగర్‌కు నవ్వొచ్చింది. ముక్కు మూసుకుని దిగాడు.