కైరో నుంచి కడపకు

“విమానంలో అయితే ఎన్ని దినాలు పడతాది అయ్యవారూ?”

బడి తలుపు మూయబోతున్న దావీదురాజు ఆగిపోయాడు. గోడమీది ప్రపంచపటం ముందు విశ్వాసమ్మ నిలబడి ఉంది.

“యాడి నుంచి పెద్దమ్మా?”

“మా ఏసురాజు ఉండిన తావు నుంచి. మన కడపకు.”

అతని మనసు కలుక్కుమంది. పటాళంలో చేరి రెండేళ్ల కిందట వెళ్లిన ఏసురాజు మళ్లీ ఇంటి గడప తొక్కలేదు. ఈజిప్టు ఎడారిలో చనిపోయాడని పోయిన నెలే తంతి వచ్చింది. దాన్ని ఆ తల్లికి చదివి వినిపించే పాపిష్టి పని దావీదురాజు నెత్తినే పడింది.

ముసలామెకు మతి చలించిందేమో అనుకున్నాడు. అయినా కసురుకోవడానికి మనసొప్పక, పటం మీద వేలు పెట్టాడు.

“ఇదీ కైరో. ఈడి నుంచి కరాచీకి రెండువేల మైళ్ల పైమాటే. ఆగుతా ఆగుతా వస్తే రెండు దినాలు. కరాచీ నుంచి మద్రాసుకు ఇంగో దినం. ఆడి నుంచి కడపకు రైలు, మన ఊరికి బస్సు. అంతా కలిపితే నాలుగు దినాలు.”

“మళ్లా పోయేదానికి?”

“అన్నే. పోయేదెందుకు అడుగుతాండావు?”

“చెప్పు నాయనా. నాలుగు నెలల కిందట, ఈస్టరు పండగకు వాడు బతికే ఉండె గదా. సెలవిచ్చింటే వచ్చి, ఇంట్లో ఒక రాత్రి పండుకొని పోయేటోడే గదా?”

“విమానాల్లో దొరలు తిరుగుతారు. సిపాయోళ్లను ఎవురెక్కిస్తారు పెద్దమ్మా?”

“ఎక్కిచ్చింటే అంటాండా. వచ్చుండొచ్చునా, లేదా?”

కొడుకు ఒక్కసారైనా వచ్చిపోయి ఉంటే బాగుండునని తల్లి కడుపు తపిస్తోంది. ఆ మాత్రం ఊరట ఇస్తే తన సొమ్మేం పోతుంది? దావీదురాజు కళ్లు తుడుచుకున్నాడు.

“వచ్చుండొచ్చు.”

“ఊళ్లో ఎవురికీ తెలీకుండా?”

“పొద్దుగూకినాక దిగి, కోడి కూయకముందే పోతే ఎవురికి తెలుస్తాది?”

“ఆదివారం గుడిలో, పెద్దలందరి ముందర ఈ మాటే చెప్తావా?”

జ్ఞాపకార్థ ప్రార్థన పెట్టించుకుంటోంది కాబోలు అనుకుని, చెప్తానని మాటిచ్చాడు. ఆమె అతని రెండు చేతులూ పట్టుకుని వదల్లేదు.

“నీ కోడలు కృపమణి గుడికే రావడంలేదే. వయసు పిల్ల. పుట్టింటికి పంపించరాదా పెద్దమ్మా?” అన్నాడు.

“పంపీను. నాకింక మిగిలింది ఆ బిడ్డొక్కతే. ఎవురు ఎళ్లగొట్టమన్నా పోనీయను.”

విశ్వాసమ్మ కొంగు నెత్తిన కప్పుకుని ఇంటిదారి పట్టింది. తంతి వచ్చిననాడు కూడా రాని ఏడుపు ఇప్పుడు తన్నుకొచ్చింది. ఎదురొచ్చినవాళ్లు కొడుకు కోసమే అనుకుని పక్కకు తప్పుకున్నారు.

ఇంట్లో కృపమణికి అయిదో నెల.