పుచ్చు లేని పన్ను

"ఈ పన్ను పీకిన మహానుభావుడెవరు?"

డాక్టర్ సిల్వియా గొంతు విని క్లాసంతా సద్దుమణిగింది. తాడేపల్లిగూడెం శివార్లలోని ఆ డెంటల్ కాలేజీకి డిజిటల్ స్కానరు కొత్తగా వచ్చింది. పన్నును కోయకుండానే లోపలి పొరలన్నీ తెర మీదికి తెస్తుంది. పుచ్చు ఎక్కడ మొదలై ఎంత లోతుకు తొలుచుకుపోతుందో చూపిస్తాను, పీకిన పళ్ళు తలా ఒకటి తెమ్మన్నారు సిల్వియా.

ఫైనలియర్ ఫణికిరణ్ లేచి నిలబడ్డాడు.

"నేనేనండి. మా నాన్నగారిదండి."

ఆ మాటలో కాస్త గర్వం కూడా ఉంది. మరి, అతను పీకిన మొదటి దవడపన్ను అదే.

"ఎందుకు పీకావు బాబూ?"

"పుచ్చిపోయిందండి. పైన నల్లగా..."

"అది చుట్ట గార. లోపల చూడు."

తెర మీద పన్ను పొర తర్వాత పొర విచ్చుకుంది. ఎక్కడా చిన్న మచ్చ లేదు.

"పైన పటారం, లోన లొటారం అంటారు. ఇక్కడ తిరగబడింది. నిక్షేపంలాంటి పన్ను! ఎక్స్‌రే తీశావా?"

"లేదండి. ఇంటిమనిషే కదాని..."

వెనక బెంచీలవాళ్ళు నవ్వారు. ఫణికిరణ్ సిగ్గుతో చచ్చిపోయాడు. తండ్రి అబ్బాయిరాజుకి ఆకివీడు దగ్గర చేపల చెరువు ఉంది. నా పన్ను నా కొడుకే పీకాలని పట్టుబట్టి కుర్చీలో కూర్చున్నాడాయన. అంత నమ్మిన మనిషి నోట్లోంచి మంచి పన్ను లాగేశాడు.

"కానీ నొప్పి నిజమేనండి" అన్నాడు రోషంగా. "ఎడం దవడంతా లాగేసేదటండి. పీకాక మళ్ళీ రాలేదు."

"చల్లనీళ్ళు తాగితే వచ్చేదా? నమిలితేనా?"

"కాదండి. చెరువు గట్టు మీద మేత బస్తా మోస్తే వచ్చేదండి. కాసేపు కూర్చుంటే పోయేది."

సిల్వియా చేతిలోని మౌస్ వదిలేశారు.

"చెమటలు పట్టేవా?"

"బాగా పట్టేవండి."

"పీకాక పనికెళ్ళారా?"

"లేదండి. పుండు మానేదాకా అమ్మ మంచం దిగనివ్వలేదు."

"అందుకే నొప్పి రాలేదు." ఆవిడ గొంతులో కోపం పోయింది. "అది పంటి నొప్పి కాదు బాబూ, గుండెది. గుండెకి రక్తం చాలకపోతే కొందరికి దవడలో నొప్పొస్తుంది. ముందు ఫోన్ చెయ్యి. అడుగు తీసి అడుగు వెయ్యొద్దని చెప్పు. బండిలో ఏలూరు ఆస్పత్రికి తీసుకెళ్ళమను."

ఈసారి ఎవరూ నవ్వలేదు. ఫణికిరణ్‌కి భయమేసింది. పుట్టి బుద్ధెరిగాక అంత భయం ఎన్నడూ ఎరగడు. సెల్‌ఫోను మీటలు ఒకటి నొక్కబోతే ఒకటి పడుతున్నాయి. ఎట్టకేలకు తల్లి శేషారత్నం ఎత్తింది. వెనక గోవిందనామాలు వినిపిస్తున్నాయి.

"అమ్మా, నాన్నగారేరీ?"

"నీకు నూరేళ్ళు బాబూ, ఇప్పుడే నిన్ను తలుచుకున్నాం! ద్వారకా తిరుమల వచ్చాం. నీ చేతి చలవతో నొప్పి పోతే మోకాళ్ళ మీద మెట్లెక్కుతానని మొక్కుకున్నారు మీ నాన్నగారు."

"వద్దమ్మా! ఆపెయ్యమను!"

"ఇంకా ఆపడమేంటి, ఎక్కేశారు కూడాను. పై మెట్టు మీద సాష్టాంగపడి దణ్ణం పెడుతున్నారు. ఎంతసేపటికీ లేవరేంటో... ఏవండీ, అబ్బాయి ఫోనండీ... ఏవండీ!"