నలభైకి నలభై

గడియారం ఆరు కొట్టగానే ఆమె కుట్టుమిషను ఆపేసి, గుడ్డపేలికలు పక్కకి తోసి, ఆ బల్ల మీదే ప్రశ్నపత్రం పరిచింది.

“ఊఁ, కానియ్యి. గంట టైము.”

తొమ్మిదేళ్ల కూతురు నోరెత్తకుండా పెన్సిలు తీసుకుంది. ఆ పిల్లని ఇంట్లో కందిరీగ అంటారు. పొద్దున లేచింది మొదలు ఏదో ఒక ప్రశ్నతో చెవి దగ్గర రొద పెడుతూనే ఉంటుంది మరి. నెల్లాళ్లుగా ఇంట్లో ఆ రొద లేదు.

నలభై ప్రశ్నలు. ఒక్కోదానికి నాలుగు జవాబులు, పక్కన నాలుగు గుండ్రాలు. ఒక గుండ్రాన్ని నల్లగా నింపాలి. తెలివైన పిల్లల్ని ఏరడానికి బళ్లో ఏటా పెట్టే పరీక్ష అది. ఏరినవాళ్లని ఊరవతల, ఎత్తు గోడల మధ్య ఉన్న ప్రత్యేక పాఠశాలకి పంపుతారు. అక్కడే చదువు, అక్కడే తిండి, అక్కడే పడక. ఎంపికైతే పంపించి తీరతామని బళ్లో చేర్చిన రోజే తల్లిదండ్రుల చేత సంతకం పెట్టించుకుంటారు. పువ్వు పుట్టగానే పరిమళిస్తుందట, ఆ పరిమళం వృథాగా పోకూడదట. సమావేశం పెట్టిన ప్రతిసారీ పెద్దమేడమ్ చెప్పే మాట ఇది.

కందిరీగ వాళ్లన్నయ్య అక్కడికి వెళ్లి రెండేళ్లయింది.

ఒకప్పుడు వాడు నవ్వితే పక్కవాటా వాళ్లు గోడ తట్టేవాళ్లు. మొన్న సెలవులకి వచ్చి నాలుగు రోజులున్నాడు. ముద్దుపేరుతో పిలిస్తే పలకలేదు. మంచినీళ్లు తాగొచ్చా అని చెయ్యెత్తి మరీ అడిగాడు, కన్నతల్లిని. చెల్లెలు పక్కలో దూరి కితకితలు పెడితే గోడవైపు తిరిగి ఎక్కాలు వల్లించుకున్నాడు. వెళ్లే రోజు బండి హారను వినగానే ఎవరూ చెప్పకుండానే లేచి చెప్పులు వేసుకున్నాడు. మళ్లీ వెనక్కి తిరిగి చూస్తే ఒట్టు.

ఆ మధ్యాహ్నమే ఆమె బజారుకి వెళ్లి పాత ప్రశ్నపత్రాల పుస్తకం కొనుక్కొచ్చింది.

“ఒకణ్ణి మింగింది చాలదా? దీని మీదా రుద్దుతున్నావ్. నీది గుండా, బండరాయా?” అంది అత్తగారు మంచం మీద నుంచి.

అత్తగారు మంచిదే, కానీ ఆవిడ నోట్లో నువ్వుగింజ నానదు. భర్తకి ఫోన్లో చెబుదామంటే లారీ ఏ ఊళ్లో ఉందో, పక్కన ఎవరున్నారో. పక్కవాటా ఆవిడ మాత్రం వచ్చినప్పుడల్లా, ఇద్దరు పిల్లలూ మేధావులే, నువ్వు పెట్టి పుట్టావమ్మా అని మెచ్చుకుని పోతోంది.

గంట అయింది. ఆమె పుస్తకం చివర ఉన్న జవాబుల పేజీ తెరిచి, వేలు పెట్టి ఒక్కొక్కటే సరిచూసింది. పన్నెండు దగ్గర వేలు ఆగింది. ఇరవై ఏడు దగ్గర మళ్లీ ఆగింది.

“రెండు చెడగొట్టావు.”

“కావాలని చెయ్యలేదమ్మా. చెయ్యి దానంతటదే వెళ్లిపోయింది.”

“పరీక్షలోనూ అలాగే వెళ్లిపోతే?”

పిల్ల పెదవి కొరుక్కుంది. వేళ్ల మీద ఏదో లెక్క కట్టి, అసలు ఓ పదింటిని అలా ఉండనిస్తేనే మంచిదేమో అని నసిగింది.

తల్లికి అరికాలి మంట నెత్తికెక్కింది. ఒక్క కుట్టు వంకర పోయినా అంచంతా విప్పి మళ్లీ కుట్టే మనిషి ఆమె.

“ఒక్కటి కూడా ఉండటానికి వీల్లేదు. విన్నావా? ఒక్కటంటే ఒక్కటి కూడా.”

పిల్ల కళ్లనిండా నీళ్లు తిరిగాయి. తల్లి దగ్గరికి లాక్కుని, కొంగుతో మొహం తుడిచింది. అయినా ఇంకో కాగితం పరిచింది.

పరీక్షకి ముందురోజు నలభైకి నలభై అనుకున్నట్టే వచ్చాయి. నెల్లాళ్ల తర్వాత ఆమెకి కంటినిండా నిద్ర పట్టింది.

మర్నాడు బడి గేటు దగ్గర మిగతా తల్లులు పిల్లలకి ధైర్యం చెబుతున్నారు. ఈమె కూతురి జుట్టు సవరించి, గుర్తుందిగా అని మాత్రం అడిగింది. కందిరీగ తలూపి లోపలికి నడిచింది. బయటికి వచ్చాక తల్లి చెయ్యి పట్టుకుని చెప్పింది.

“నువ్వు చెప్పినట్టే చేశానమ్మా. ఒక్కటి కూడా చెడగొట్టలేదు.”

మూడో రోజు పెద్దమేడమ్ నుంచి కబురు వచ్చింది.

ఆఫీసు గదిలో ఫినాయిలు వాసన. గోడనిండా వరసలు వరసలుగా ఫోటోలు, ఏటా ఎంపికైన పిల్లలవి. ఒక్కరి మొహంలోనూ నవ్వు లేదు. మూడో వరసలో కొడుకు ఉంటాడని తెలిసి ఆమె నేలకేసి చూస్తూ కూర్చుంది.

పెద్దమేడమ్ తొందరేమీ పడలేదు. తెలివైన పిల్లలకి బడి ఒక చెయ్యి అయితే ఇల్లు రెండో చెయ్యి అంది. ఇంట్లో ఇంత శ్రద్ధ తీసుకునే తల్లులు అరుదంది. తన ముప్పై ఏళ్ల సర్వీసులో ఇలాంటి జవాబుపత్రం చూడలేదంది.

“జాబితాలో మొదటి పేరు మీ అమ్మాయిదే. రేపు పొద్దున ఎనిమిదింటికి బండి వస్తుంది. రెండు జతల బట్టలు సర్దండి, చాలు.”

ఎక్కడో పొరపాటు జరిగుంటుంది, దయచేసి ఇంకోసారి దిద్ది చూడండి అని ఆమె బతిమాలింది.

పెద్దమేడమ్ ఆ కాగితాన్ని ఆమె వైపు తిప్పి, చాలా ప్రేమగా నవ్వింది.

“గుడ్డిగా నింపినా ఓ పది ఒప్పవుతాయి కదమ్మా, మీరు ఇంట్లో కూర్చోబెట్టి నేర్పినట్టు నలభైకి నలభై తప్పులు పెట్టాలంటే నలభై జవాబులూ తెలిసిన పిల్లే అయ్యుండాలి.”