మొటిమల మందు

మొటిమలకని డాక్టరిచ్చిన ఎ-విటమిన్ మందు పూసిన రెండో వారానికే వనజ ముఖం ఎర్రగా మండి, చర్మం పొరలుగా ఊడింది.

వనజ పగబట్టింది. చింతామణి పేటలో ప్రతి అంగడి ముందూ ముఖానికి కప్పుకున్న కొంగు తొలగించి చూపింది. "ఆ డాక్టరు చేసిన పని చూడండప్పా! మీ బిడ్డల్ని ఆడికి పంపొద్దండి."

నెలలోపే క్లినిక్ ఖాళీ అయింది. డాక్టరు సామాను లారీకెక్కించి ఊరు విడిచిన రోజు, వనజ వీధిలో నిలబడి కళ్లారా చూసింది.

తల్లి సులోచనమ్మ మాత్రం ఒట్టు పెట్టి మరీ మందు మాననివ్వలేదు.

మూడో నెలకు ముఖం నున్నగా తేరుకుంది. "ఇదెట్లమ్మా?" అంది వనజ.

"మొదుట్లో మొగం ఊడతాది, భయపడి మానొద్దని ఆయప్ప నాకు ముందే చెప్పినాడు. చెప్తే నువ్వు పూసుకోవని దాచిపెడితిని," అంది తల్లి తలొంచుకుని. "నువ్వు ఊరంతా చాటినాక చెప్పేదానికి నోరు రాలేదు."