ముగ్గు లేని వాకిలి

తెల్లారి తలుపు తీస్తే వాకిట్లో మళ్ళీ ముగ్గు.

పేడనీళ్ళ సాన్పి తడి ఇంకా ఆరలేదు. చల్లిన మనిషి మాత్రం లేదు.

భానుప్రసాద్ లోపలికి తొంగి చూశాడు. రమ్య ఇంకా నిద్రలోనే ఉంది. పైగా ఆమెకు వచ్చిన ముగ్గు ఒక్కటే, గడపకు అంటించే స్టిక్కరు.

హైదరాబాద్‌లో అతను పనిచేసే కంపెనీ మూతపడింది. తండ్రి పోశన్న ఎప్పుడో తాళం వేసి వదిలేసిన ఇంటికి, వర్ని దగ్గరి పల్లెకు, పెండ్లాంతో వచ్చి పడ్డాడు. పోశన్న బతికినన్నాళ్ళు ఊరి మాటెత్తితే మాట మార్చేవాడు. ఇప్పుడు కొడుకు ఊరే మార్చాడు. ఇక మారాల్సింది రేషన్ కార్డు.

ఆ రేషనే పెద్ద పరేషానయి కూర్చుంది.

పట్నంలో పేర్లు తీయించుకొస్తేనే ఇక్కడ ఎక్కిస్తామన్నారు. అక్కడ తీసేశారు. ఇక్కడ ఎక్కలేదు. రెవెన్యూ ఆఫీసు గిర్దావర్ వచ్చి ఇల్లు చూసి, వీళ్ళు ఈ ఊరోళ్ళేనని ఊళ్ళో ఒకరి నోట చెప్పించుకోవాలట. అందాకా బియ్యం గింజ రాదు.

"అక్కడ లేం, ఇక్కడ లేం. ఇట్లాంటోళ్లనే దయ్యాలంటరు," అన్నాడు నవ్వుతూ.

రమ్య నవ్వలేదు.

"మరి దయ్యాలకు ముగ్గెవరేస్తున్నరు?"

అదే సంగతి పక్కింటి లింబయ్యను అడిగాడు. ఆయన బీడీ ముట్టించుకుని, వేసేటోళ్లు వేస్తరు తియ్ అని అటు తిరిగాడు.

మర్నాడు కోడి కంటే ముందే లేచి, తలుపు చాటున నిలబడ్డాడు భానుప్రసాద్.

చీపురు చప్పుడు. తర్వాత నీళ్ళ చప్పుడు. అడుగుల చప్పుడు మాత్రం లేదు.

గుండె చిక్కబట్టుకుని తలుపు లాగాడు.

ఎముకల గూడులాంటి ముసలామె, వంగి చుక్కలు పెడుతోంది. కాళ్ళకు చెప్పుల్లేవు. ఉలిక్కిపడనైనా లేదు. అతని ముఖంలో ఇంకెవరినో వెతుకుతున్నట్టు చూసింది.

"ఎవరవ్వా నువ్వు?"

"హన్మవ్వను బిడ్డ. గా సందు చివర మా తమ్మునింట్ల ఉంట."

"ఏస్తే నీ ఇంటి ముంగట ఏసుకో."

"నా ఇంటి ముంగటనే ఏస్తున్న గద."

భానుప్రసాద్‌కు అంతా అర్థమైంది. అర్థమైందనే అనుకున్నాడు. ఖాళీ ఇల్లు చూసి, ముసలిది ముగ్గు వేసి వేసి ఊరినే ముగ్గులోకి దించింది. రేపే గిర్దావర్ వచ్చేది. ఆయన ముందు ఈ ఇల్లు నాదని కూర్చుంటే కార్డులో పేర్లు ఎక్కినట్టే.

సాన్పి బకెట్‌ను కాలితో పక్కకు తోశాడు. ఇంకోసారి ఈ వాకిట్లో కనబడితే బాగుండదన్నాడు.

ముగ్గు సగంలోనే ఆగింది. ఆమె చేతికంటిన పిండి దులుపుకుంది.

"సరే తియ్ బిడ్డ. ఇంట్లకు మనుషులచ్చిండ్రు. ఇగ నేనెందుకు?"

పోతూ పోతూ గడపను వేళ్ళతో తాకి, కళ్ళకద్దుకుంది.

మర్నాడు వాకిలి బోసిగా ఉంది. సాన్పి లేదు, ముగ్గు లేదు. పీడ వదిలిందనుకున్నాడు భానుప్రసాద్.

గిర్దావర్ ఆత్మారాం బండి దిగి, వాకిలి వంక చూసి, బయటే ఆగిపోయాడు. తెల్లారినంక కూడా సాన్పి పడలేదంటే అది చావు జరిగిన ఇల్లే. ఆ సంగతి ఆ పక్క పల్లెల్లో ఎవరికీ చెప్పనక్కర్లేదు.

"ఎవరు పోయిండ్రు?" అన్నాడు మెల్లగా.

"మా ఇంట్ల ఎవరు పోతరు సార్? ఉన్నదే ఇద్దరం," నవ్వాడు భానుప్రసాద్.

సందు చివర డప్పు మొదలైంది.

లింబయ్య ఎప్పుడొచ్చాడో, భుజాన తువ్వాలతో వెనక నిలబడి ఉన్నాడు. గిర్దావర్ అతని వైపు తిరిగి, వీళ్ళు ఈ ఊరోళ్ళేనా అని అడిగాడు.

"ఈ ఊరోళ్లే సార్," అన్నాడు లింబయ్య, భానుప్రసాద్ ముఖం చూడకుండా. "రాత్రి హన్మవ్వ పోయింది. కొడుకు లెక్కన అగ్గి పట్టేది ఈ పిలగాడే. ఈ ఇంటికి తాళమేసి పోశన్న ఇడిసిపోయిన మొదటి పెండ్లాం ఆమెనే."